ముందు ఆగే సంగతి చూద్దాం

ప్రశ్న: నమస్కారం అండి. నా వయసు 53. ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సిమిలిగుడలో మాది కిరాణా దుకాణం. తాతగారి కాలం నుంచి ఇక్కడే స్థిరపడ్డాం. మా అమ్మ సాలూరులో తమ్ముడి దగ్గర ఉంటుంది. ఏళ్ల తరబడి బండి మీదే వెళ్లి చూసి వచ్చేవాణ్ని. 2013లో కొన్న 125 సీసీ బండి. ముందు డిస్క్ బ్రేకు, వెనక డ్రమ్ము. మొన్న కార్తీకంలో తెల్లవారుజామున సాలూరు దారిలోని సుంకి ఘాట్ దిగుతుంటే మంచులో ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. వెనక బ్రేకు గట్టిగా తొక్కాను. బండి వెనక భాగం అడ్డంగా జారిపోయింది. పడలేదు గానీ లారీకి మూరెడు దూరంలో ఆగాను. ఆ రోజు నుంచి బండి దుకాణం వెనక గోదాములో టార్పాలిన్ కిందే ఉంది. చలికాలమంతా బస్సులో తిరిగాను. శివరాత్రి వెళ్లింది, మంచు తగ్గింది. మా అబ్బాయి కిక్కులు కొట్టి కొట్టి అలసిపోయాడు, స్టార్ట్ కాలేదు. పాత ఇనుము కింద అమ్మేసి కొత్తది కొందామంటున్నాడు. మా ఇంటావిడ అసలు బండే ఎక్కనంటోంది. ఉగాదికి ఆమెను కూర్చోబెట్టుకుని సాలూరు వెళ్లాలని నా కోరిక. కానీ ఘాట్ తలచుకుంటే చాలు, అరచేతులు చెమటలు పడుతున్నాయి. ఈ వయసులో భయమేస్తోందని ఎవరితోనూ చెప్పుకోలేకపోతున్నాను. బండి సంగతి, నా సంగతి రెండూ చెప్పండి.

సమాధానం: మీరు భయం గురించి చాలా రాశారు, బ్రేకు గురించి ఒక్క వాక్యమే రాశారు. నాకు మాత్రం ఆ ఒక్క వాక్యంలోనే సంగతంతా కనిపించింది. "వెనక బ్రేకు గట్టిగా తొక్కాను" అన్నారు. ముందు బ్రేకు పట్టుకున్నానని ఎక్కడా రాయలేదు. పట్టుకుని ఉండరు. మన వైపు బండి నేర్పేవాళ్లు మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది: "ముందు బ్రేకు జోలికి పోవద్దు, పల్టీ కొడతావు." ముప్పై ఏళ్లుగా బండి నడుపుతున్నవాళ్లు కూడా ఆ మాట మీదే ఉంటారు. ఊరి వీధుల్లో, మైదానం రోడ్ల మీద అది చెల్లిపోతుంది. ఘాట్‌లో చెల్లదు.

బ్రేకు వేయగానే బండి బరువు, మీ బరువు ముందు చక్రం మీదికి వస్తాయి. వెనక చక్రం తేలికపడుతుంది. దిగుడులో బరువు ముందే ముందుకు ఒరిగి ఉంటుంది కాబట్టి అది ఇంకా తేలిక. అలాంటి చక్రానికి గట్టిగా బ్రేకు వేస్తే తిరగడం మానేసి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. ఈడ్చుకుపోయే చక్రానికి పక్కకు జారకుండా ఆపే పట్టు ఉండదు. పైగా మంచుకు తడిసిన తారు. అందుకే వెనక భాగం పక్కకు వచ్చేసింది. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ మీ బండికి లేదు. ఏబీఎస్ గానీ, ఒక బ్రేకు వేస్తే రెండూ పట్టే ఏర్పాటు గానీ ఇప్పటి 125 సీసీ బళ్లకు తప్పనిసరి, కానీ ఆ నిబంధన అన్ని బళ్లకూ వర్తించింది 2019 ఏప్రిల్ నుంచి. 2013 నాటి మీ బండి మీద ఆ పని మీ చేయి, మీ కాలు కలిసి చేయాల్సిందే.

కాబట్టి వయసు మీద పడిందని దిగులు పడకండి. బండి ఆపడంలో ఒక లోపం ఉందని ఆ రోజు మీకు తెలిసింది, అరచేతులు దాన్ని మరచిపోవడం లేదు, అంతే. సరిచేసుకునే దారి ఉన్న లోపం అది. ఇందులో సిగ్గుపడాల్సింది నాకేమీ కనిపించడం లేదు. మీ ఇంటావిడతో చెప్పండి. నాలుగు నెలలు బండి ముట్టకపోతే ఆమెకు తెలియకుండా ఉంటుందా? మీరు నోరు విప్పితే ఆమెకే ధైర్యం వస్తుంది.

మీ అబ్బాయి స్టార్ట్ చేయడంతో మొదలుపెట్టాడు. మనం ఆపడంతో మొదలుపెడదాం.

బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి ముందు చక్రం చేత్తో తిప్పండి. డిస్క్ మీద పల్చటి తుప్పు ఉంటే నాలుగుసార్లు బ్రేకు పడగానే పోతుంది, దానికి కంగారు వద్దు. కానీ చక్రం బిగుసుకుని తిరుగుతున్నా, బ్రేకు లివరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తున్నా బండిని రోడ్డెక్కించకండి. హ్యాండిల్ మీద బ్రేకు ఆయిల్ డబ్బాకు చిన్న గాజు కన్ను ఉంటుంది. ఆయిల్ లేత రంగులో తేటగా ఉండాలి. ముదురు గోధుమ రంగుకు తిరిగిందంటే మార్చాలి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ ఘాట్ దిగుడులో వేడెక్కితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, అప్పుడు లివరు ఎంత నొక్కినా ఆగదు. ఎంత తక్కువ తిరిగినా రెండేళ్లకోసారి మార్చమనడం అందుకే. మీరు చివరిసారి ఎప్పుడు మార్పించారో గుర్తులేకపోతే ఇప్పుడే మార్పించండి.

వెనక డ్రమ్ము విప్పించి చూడాలి. నాలుగు నెలలు కదలని డ్రమ్ములో తుప్పు పొడి, పాత దుమ్ము పేరుకుని, మెల్లగా నొక్కినా ఒక్కసారిగా పట్టేసే గుణం వస్తుంది. మీలాగా ఒకసారి జారినవాళ్లకు అంతకంటే చెడ్డది లేదు. మెకానిక్‌తో బ్రేకు షూలు బయటికి తీయించి, ఉప్పుకాగితంతో రుద్దించి, దుమ్ము తుడిపించండి. షూ అరిగిపోయి ఉంటే కొత్తవి వేయించండి, వాటి ఖర్చు పెద్దదేమీ కాదు. బిగించేటప్పుడు పెడలు రెండు మూడు సెంటీమీటర్లు ఊరికే దిగి అప్పుడు బ్రేకు పట్టేలా ఉంచమనండి.

ఇక టైర్లు. నాలుగు నెలలు గాలి దిగి ఒకే చోట ఆనిన టైరు అక్కడ చదునవుతుంది. గాలి నింపి కొద్ది దూరం తిప్పితే సాధారణంగా సర్దుకుంటుంది. పగుళ్లు మాత్రం సర్దుకోవు. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. 1819 అని ఉంటే అది 2019లో 18వ వారంలో తయారైందని. బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉంటే, పైన గాడులు ఎంత మిగిలినా సరే, తీసేయండి. రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, తడి రోడ్డు మీద దానికి పట్టు ఉండదు. మీరు ఆ రోజు జారడంలో దాని పాలు కూడా ఉండి ఉండవచ్చు. గాలి ఎంత కొట్టాలో చైన్ కవరు మీదో, వెనక చక్రం దగ్గరో స్టిక్కరు మీద రాసి ఉంటుంది, ఒక్కరికి వేరు, ఇద్దరికి వేరు. టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి.

ఇప్పుడు ఇంజను. కిరాణా గోదాములో నాలుగు నెలలంటే నాకు ముందు గుర్తొచ్చేవి ఎలుకలు. పక్క కవరు విప్పి ఎయిర్ ఫిల్టరు పెట్టె తెరవండి. గోనె పీచు, వేరుశనగ తొక్కలు కుక్కి లోపల గూడు కట్టి ఉంటే ఇంజనుకు గాలి ఆడదు, ఎన్ని కిక్కులు కొట్టినా పలకదు. ట్యాంకు కింద, హెడ్‌లైటు వెనక వైర్లు టార్చి వేసి చూడండి. ఇన్సులేషన్ కొరికి రాగి బయటపడ్డ చోటు ఉంటే మెకానిక్‌తో సరిగ్గా అతికించండి, పైపైన టేపు చుట్టి వదిలేయకండి. సైలెన్సరు చివర కందిరీగ మట్టి గూడు పెట్టి ఉండవచ్చు. దాన్ని లోపలికి నెట్టకుండా బయటికి గీరి తీయాలి.

తర్వాత పెట్రోలు. మీ అబ్బాయి కష్టం వృథా కావడానికి ఎక్కువ అవకాశం ఇక్కడే ఉంది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను లాక్కుంటుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే, మీ ఊరి రాత్రి చలికీ పగటి ఎండకీ లోపలి గోడలకు చెమ్మ పడుతుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుగుకు దిగిపోతుంది, కార్బురేటర్‌కు ముందు చేరేది ఆ అడుగు నీళ్లే. మరోవైపు కార్బురేటర్ గిన్నెలో మిగిలిన కాస్త పెట్రోలు ఎండి జిగురుగా మారి, వెంట్రుక పట్టేంత సన్నటి జెట్ రంధ్రాలను మూసేస్తుంది. గిన్నె అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి లోపలిది ఒక గాజు సీసాలోకి దింపండి. నీరు ఉంటే అడుగున వేరే పొరగా కనిపిస్తుంది. పెట్రోలు చెడి ఉంటే రంగు ముదిరి వార్నిష్ వాసన కొడుతుంది. ట్యాంకు మొత్తం ఖాళీ చేయించి, కార్బురేటర్ విప్పించి కడిగించి, కొత్త పెట్రోలు పోయండి. ట్యాంకు నుంచి కార్బురేటర్‌కు వచ్చే రబ్బరు గొట్టం కూడా వంచి చూడండి. ఇంత ఇథనాల్‌కు తట్టుకునే రబ్బరు భాగాలు 2023 ఏప్రిల్ నుంచి తయారైన బళ్లలోనే తప్పనిసరి అయ్యాయి, మీది దానికి పదేళ్ల ముందుది. గొట్టం ఉబ్బినా, పగిలినా మార్పించండి. ఈ పనంతా ఆరుబయట జరగాలి. దేవుడి పటం ముందు దీపం, అగరబత్తీలు వెలిగే దుకాణంలో పెట్రోలు సీసా మూత తీయకండి.

బ్యాటరీ ఎటూ దిగిపోయి ఉంటుంది. మీటరు పెట్టి చూస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టుల పైన చూపిస్తుంది. 12 కంటే కిందికి పోయి నెలల తరబడి అలాగే ఉంటే లోపలి పలకలు గట్టిపడిపోతాయి, ఇక చార్జింగ్ నిలవదు. చార్జింగ్‌కు ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పి ఇవ్వండి. లారీ బ్యాటరీలు ఎక్కించే కరెంటు ఈ చిన్నదానికి పెడితే అది చస్తుంది. దాని మీద 3 ఏహెచ్ అని ఉంటే 0.3 ఆంపియర్ల చొప్పున నిదానంగా ఎక్కాలి. ఇంజను ఆయిలు కూడా మార్పించండి, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్క పెట్టుకోకండి. చివరగా స్పార్క్ ప్లగ్ విప్పి తుడవండి. అన్ని కిక్కుల తర్వాత అది పెట్రోలుతో తడిసి ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు బండిని గోదాము బయటికి తీసుకురండి. మూసిన గదిలో ఇంజను పొగ ప్రాణాంతకం, ఆ విషవాయువుకు వాసన ఉండదు.

చైన్ గురించి ఒక్క హెచ్చరిక. కిరసనాయిలుతో కడిగి, 90 గేర్ ఆయిల్ పూయడం మీరే చేసుకోవచ్చు. కానీ ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ చేయండి. బండి గేరులో ఉండి చక్రం దానంతటదే తిరుగుతుంటే గుడ్డ పట్టుకుని చైన్ తుడిచేవాళ్లను చూస్తుంటాను. గుడ్డ పళ్లచక్రంలో పడితే వేళ్లు దాని వెంటే పోతాయి.

బండి పని ఇక్కడితో అయింది. మంచి మెకానిక్ చేతిలో ఒకటి రెండు రోజుల పని. మీ పని అంతకంటే ఎక్కువ రోజులు పడుతుంది, దాన్ని తొందరపెట్టకండి.

మొదటిది ముందు బ్రేకుతో స్నేహం. ఆదివారం ఉదయం ఎండెక్కాక, సునాబెడ వైపు రద్దీ లేని ఒక సమతలమైన తారు రోడ్డు చూసుకోండి. ఇసుక, కంకర లేని చోటు కావాలి, ముందు బ్రేకు వాటి మీద ప్రమాదమే. మీ అబ్బాయిని వెంట తీసుకెళ్లండి, ముందూ వెనకా వచ్చే బళ్లు చూసి చెబుతాడు. దుకాణంలోని ముగ్గుపిండితో రోడ్డుకు అడ్డంగా ఒక గీత గీయండి. 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి, గీత దగ్గర రెండు బ్రేకులూ కలిపి వేసి ఆపండి. బండి నిటారుగా, హ్యాండిల్ తిన్నగా ఉండాలి. ముందు లివరును రెండు వేళ్లతో, నిమ్మకాయ పిండినట్టు, మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ పోవాలి. పల్టీ కొట్టించేది ముందు బ్రేకు కాదు, దాన్ని ఒక్క ఉదుటున గుంజడం. ముందు ఫోర్కులు కిందికి దిగి, బరువు ముందు చక్రం మీద పడ్డట్టు చేతికి తెలుస్తుంది. ఆ తర్వాతే గట్టిగా నొక్కాలి. అప్పుడు ఆ టైరు రోడ్డును ఎలా పట్టుకుంటుందో చూడండి. ఇంతకాలం ఈ బ్రేకును వాడకుండా ఎలా ఉన్నానా అనిపిస్తుంది మీకు.

చేయి కుదిరాక 30, ఆ తర్వాత 40 వేగంతో చేయండి. గీత నుంచి ఎంత దూరంలో ఆగారో ప్రతిసారీ దిగి చూడండి. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగింతలవుతుంది. పుస్తకంలో చదివితే ఇది తలకెక్కదు, ముగ్గు గీత నుంచి నడిచి వెళ్లి చూస్తే ఎక్కుతుంది. 60లో పోతున్న బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. లారీ బ్రేకు లైటు చూసి మీ కాలు కదిలేలోపే అంత దూరం పోతుంది. ఆ రోజు మంచులో మీకు లారీ ఎంత దూరం నుంచి కనిపించిందో గుర్తు చేసుకోండి. మీ వేగం కాస్త ఎక్కువగా ఉండి ఉంటే ఈ ఉత్తరం రాసే అవకాశం ఉండేది కాదు.

వెనక చక్రం జారితే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. తిన్నగా పోతున్నప్పుడు జారిందనిపించగానే పెడలు మీద కాలు కాస్త వదలాలి, చక్రం మళ్లీ తిరగడం మొదలై దారిలో పడుతుంది. కళ్లు మాత్రం లారీ వెనక తలుపు మీద ఉంచకూడదు, తప్పించుకుపోయే ఖాళీ మీద ఉంచాలి. కన్ను ఎటు పోతే బండి అటే పోతుంది.

మీ వయసువాళ్లకు మరో మాట. బండి ఎక్కే ముందు కళ్లు పరీక్ష చేయించుకోండి. రెండు రకాల అద్దాలు కలిసిన కళ్లజోడు ఉంటే, తల వంచి మీటరు చూసి మళ్లీ రోడ్డు చూసేసరికి చూపు కుదరడానికి కాస్త సమయం పడుతుంది. హెల్మెట్ కూడా బండి అంత పాతదైతే మార్చండి. లోపలి థర్మాకోల్ ఏళ్లు గడిచేకొద్దీ దెబ్బను మింగే గుణం కోల్పోతుంది. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి. గీతలు పడ్డ ముందు అద్దం మీకు అసలు పనికిరాదు, ఎందుకో చెబుతాను.

సిమిలిగుడ నుంచి సాలూరు తూర్పు, ఆగ్నేయం దిక్కున ఉంది. ఉదయం దిగేటప్పుడు సూర్యుడు ఎదురుగా ఉంటాడు, సాయంత్రం ఎక్కి వచ్చేటప్పుడు మళ్లీ ఎదురుగానే ఉంటాడు. గీతల అద్దం మీద ఆ వెలుగు పడితే మలుపులో ఏముందో కనిపించదు. కాబట్టి తొమ్మిది గంటలు దాటాక బయల్దేరండి. ఫాల్గుణంలో పైన మంచు తగ్గినా, లోయల్లో పొద్దున పూట ఇంకా ఉంటుంది. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం మూడు లోపు మొదలుపెట్టండి. అలవాటు కొద్దీ తెల్లవారుజామున బయల్దేరే పద్ధతి మాత్రం వదిలేయాలి. కొట్టు తెరిచే వేళకు తిరిగి రావాలన్న తొందరే ఆ రోజు మిమ్మల్ని మంచులోకి పంపిందని నా అనుమానం.

ఘాట్‌కు ఒక్కసారిగా వెళ్లకండి. ముందు కొన్నాళ్లు ఊళ్లో సరుకుల పనికి బండి వాడండి. తర్వాత కొరాపుట్ దాకా వెళ్లి రండి. ఆ దారిలో ఎత్తుపల్లాలున్నా సుంకి లాంటి దిగుడు లేదు. తర్వాత పొట్టంగి. ఆ దారిలో ఉన్న కుందులి సంత శుక్రవారం కాబట్టి ఆ రోజు ఆ వైపు పెట్టుకోకండి, కూరగాయల బుట్టలతో, మేకలతో జనం రోడ్డు మీదే ఉంటారు. పొట్టంగి దాకా అరచేతులు పొడిగా ఉంటే అప్పుడు సుంకి. దిగడం, ఒక టీ తాగడం, అదే దారిన ఎక్కి రావడం. సాలూరు దాకా పోనవసరం లేదు. చేతులు చెమటలు పడితే రోడ్డు పక్కన వెడల్పు చోటు చూసి ఆపండి, కిందికి దిగి నాలుగడుగులు నడవండి. వెనక్కి తిరిగి వచ్చేసినా నష్టం లేదు, మరో రోజు వెళ్లొచ్చు.

దిగేటప్పుడు గేరు మీద దిగాలి. ఏ గేరులో అయితే ఆ ఎత్తు ఎక్కగలరో ఆ గేరులోనే దిగడం పాత నియమం, ఇప్పటికీ సరైన నియమం. మీ బండికి అది రెండో మూడో అవుతుంది. యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు మలుపుల కోసం చల్లగా ఉంటాయి. పెట్రోలు కలిసొస్తుందని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో దిగేవాళ్లు ఆ ఘాట్‌లో చాలామంది ఉన్నారు. మీరు వాళ్లలో ఒకరైతే ఈ రోజే మానేయండి. ఇంజను పట్టు లేకపోతే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది, కాలిపోయిన వాసన వచ్చేసరికి అవి పట్టడం మానేస్తాయి. బ్రేకు మలుపుకు ముందే వేయాలి. బండి వంచాక వేయడానికి ఏమీ మిగలకూడదు.

లారీల గురించి మీకు నేను చెప్పాలా? సాలూరు పేరే లారీల మీద నిలబడింది. అయినా ఒక్కటి గుర్తు పెట్టుకోండి. బరువుతో దిగే లారీ మలుపులో వెడల్పుగా తిరుగుతుంది, లోపలి వైపు ఖాళీ ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ ఖాళీ వెనక చక్రాలు వచ్చి చేరే చోటు. అందులోకి దూరకండి. లారీ వెనకే అంటిపెట్టుకుని దిగకండి. డ్రైవరు అద్దంలో మీకు కనిపించేంత దూరం వెనక ఉండండి. ఎదురుగా ఎక్కి వచ్చే బండికి దారి ఇవ్వండి, కొండ దారిలో ఎక్కేవాళ్లదే ముందు హక్కు.

ఈ నెలల్లో ఆ దారిలో చలికాలపు మంచు లేకపోయినా వేరేవి ఉంటాయి. ఎండుటాకులు మలుపుల్లో పేరుకుంటాయి. వాటి మీద బ్రేకు పడితే కంకర మీద పడ్డట్టే. ఇప్పపూలు రాలే కాలం వస్తోంది. పూలు ఏరడానికి చెట్ల కింద ఆకులు తగలబెడతారు, తెల్లవారి ఆ పొగ రోడ్డు మీదికి దిగుతుంది. గిరిజనుల చైత్రమాసపు పండగ చైత్ర పరబ్ రోజుల్లో ఊళ్ల దగ్గర ఆడవాళ్లు, పిల్లలు దారికి అడ్డంగా కర్ర పట్టి పాటలు పాడుతూ చందా అడుగుతారు. మలుపు తిరగగానే వాళ్లు ఎదురైతే ఆగగలిగే వేగంలోనే ఉండండి. చిల్లర జేబులో పెట్టుకెళ్లండి, నవ్వుతూ ఇచ్చి కదలండి.

ఇక ఉగాది. ఈ ఉగాదికి సాలూరు బస్సులో వెళ్లండి. మీకు నచ్చదని తెలుసు, అయినా ఇదే నా సలహా. పండగ తేదీ గడువుగా పెట్టుకుంటే పైన చెప్పిన మెట్లన్నీ దూకి వెళ్తారు, అదీ వెనక ఒక మనిషిని కూర్చోబెట్టుకుని. వెనక బరువుంటే బండి ఆగే దూరం మారుతుంది, దిగుడులో వెనక కూర్చున్నవారు మీ వీపు మీదికి ఒరుగుతారు, హ్యాండిల్ బరువెక్కుతుంది. ఘాట్‌లో ఒంటరిగా దిగి ఎక్కడం మీకు మామూలు అయ్యాకే ఆమెను అడగండి. అప్పుడు కూడా ముందు ఊళ్లో, తర్వాత కొరాపుట్ దాకా. ఆమె వద్దంటే ఒత్తిడి చేయకండి. వస్తే, ఘాట్ దారిలో ఒక పక్కకు కాకుండా రెండు వైపులా కాళ్లు వేసుకుని కూర్చోమనండి, చీర బదులు పంజాబీ డ్రస్సు సౌకర్యం. ఆమెకూ హెల్మెట్ ఉండాలి. చెంగు, చున్నీ చైన్‌లో పడకుండా చీర గార్డు బిగించి ఉందో లేదో చూడండి.

కాగితాలు కూడా ఒకసారి తీసి చూడండి. చాలామంది లైసెన్సు సంగతే మరచిపోతారు. పాత నిబంధనల ప్రకారం ఇచ్చిన లైసెన్సు 20 ఏళ్లకో, 50 ఏళ్ల వయసుకో, ఏది ముందొస్తే అప్పుడు ముగుస్తుంది. మీకు 53. రెన్యూవల్ చేయించారా? లేకపోతే ఇన్సూరెన్సు ఉన్నా ప్రమాదం జరిగిన రోజు కంపెనీ మెలిక పెడుతుంది. మూడో వ్యక్తి బీమా 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి, లేకుండా మొదటిసారి దొరికితే 2,000 రూపాయల జరిమానా. అంతకంటే ముఖ్యం, మీ వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే నష్టపరిహారం మీ దుకాణం మీద పడుతుంది. మీ బండి పాతది కాబట్టి కాలుష్య పరీక్ష పత్రం ఆరు నెలలకే అయిపోతుంది, అది కూడా ఈపాటికి ముగిసి ఉండవచ్చు.

చివరగా మీ అబ్బాయి మాట. బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు కాబట్టి 2028 దాకా చెల్లుతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. ఇంజను పొగ కక్కకుండా, ఫ్రేము వంకర లేకుండా ఉంటే బ్రేకులు, టైర్లు, బ్యాటరీ మార్చిన ఖర్చుకు కొన్నేళ్లు హాయిగా తిరుగుతుంది. మెకానిక్ విప్పాక ఫ్రేము తుప్పు తిన్నదని గానీ, ఇంజను లోపల పెద్ద పని ఉందని గానీ చెబితే మీ అబ్బాయిదే సరైన మాట. అప్పుడు కొనేది ఏబీఎస్ ఉన్న బండి కొనండి, మీరు దిగేది ఘాట్ కాబట్టి ఆ కాస్త ఎక్కువ ధరకు వెనకాడకండి. కానీ కొత్త బండి కొన్నా ముగ్గు గీత అభ్యాసం మాత్రం తప్పదు, ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుంది గానీ ముందు బ్రేకు నొక్కాల్సింది మీ వేళ్లే. గోదాములో ఉన్న బండి విప్పి మెకానిక్ లెక్క చెప్పేదాకా ఎక్కడా బయానా ఇవ్వకండి.